గేటు పక్కనే ఉండాది

జేజీ,

ఈ రోజు పామిడిలో నీ సంవత్సరీకం. సెలవు దొరకలేదని నేను రాలేదు.

నేనిప్పుడు విశాఖలో, సముద్రం ఒడ్డున ఒక కాలనీలో ఉంటున్నాను. ఇక్కడి వాళ్లు ఇంటర్నెట్‌లో ఒక గ్రూపు పెట్టి, ఎవరిది ఏ ఊరో పరిచయం చేసుకోమన్నారు. అనంతపురం జిల్లా పామిడి అంటే అదెక్కడని అడుగుతారేమోనని, నేను బెంగళూరు అని రాశాను.

బస్సులో పక్కన కూర్చున్న వాళ్లనల్లా నువ్వు "యా ఊరమ్మా మీది?" అని అడిగి, దిగేలోపు చుట్టరికం కలిపేదానివి. నీ మనవరాలిని నేనేమో కాన్వెంటు యూనిఫాంలో కిటికీ వైపు తిరిగి కూర్చునేదాన్ని.

నా తర్వాత సుశీల అనే ఆమె ఇంగ్లీషు అక్షరాల్లో ఇలా రాసింది: "మాది కణేకల్. ఇల్లు గేటు పక్కనే ఉండాది. ఈడ మన పక్కోళ్లు ఎవరన్నా ఉండారా? ఉంటే ఉగ్గాని తినేకి రాండప్పా."

ఎవరూ జవాబు రాయలేదు. మాదీ ఆ పక్కేనని నేనూ రాయలేదు.

ఈ పొద్దున గేటు దగ్గర ఆ సుశీలే, గ్రూపులో ఫొటో చూసిన గుర్తుతో నన్ను ఆపింది.

"మీరు బెంగళూరు కదండీ? మాది అనంతపురం వైపు. మా ఇల్లు ఇక్కడే ఉందండి. ఒకసారి రండి," అంది, ఒక్కో మాటా సరిచూసుకుంటూ.

"ఏమక్కా, ఉగ్గాని చేసినావా?" అని నా నోటిదాకా వచ్చింది. "వస్తానండీ" అన్నాను.

గ్రూపులో అందరికీ 'ఉండాది' అని రాసిన మనిషి, నా ఎదుట 'ఉంది' అంది జేజీ.