పదిహేడు అరగంటల గొలుసు ప్రార్థన

ఊరు: నీకు తెలుసు
తేదీ: రాయను

ప్రియమైన డెబోరా పిన్నికి ప్రభువు పేరిట వందనాలు.

...కాబట్టి ఆ చీటీ వేసింది నేనే. నిన్న ఇంతవరకు రాయగానే అమ్మమ్మ దగ్గింది. కాగితాన్ని కెమిస్ట్రీ రికార్డులో దాచేశా. ఈరోజు మిగతాది.

అమ్మ గూడూరు డ్యూటీకి పోతే ఇంట్లో నేనూ అమ్మమ్మే. ఉన్న ఒక్క ఫోనూ అమ్మమ్మది. వాయిస్ మెసేజ్ వస్తే వీధంతా వినేట్టు స్పీకర్లో పెడుతుంది. అందుకే ఈ ఉత్తరాలు. నువ్వు కూడా నా ఫ్రెండు ఫరీన్ వాళ్ళ నాన్న టైలర్ షాపు అడ్రసుకే రాయి.

నువ్వు మలేషియా పోయేది నర్సుల ట్రైనింగ్‌కి కాదు, ట్రయాథ్లాన్ పందేనికి అని నాకెందుకు చెప్పావు పిన్నీ? నీకు పదమూడేళ్ళప్పుడు అల లాక్కుపోతే చేపలవాళ్ళు జుట్టు పట్టి ఒడ్డుకేశారు గదా. ఆ రోజే అమ్మమ్మ, నిన్ను మళ్ళీ సముద్రంలో దిగనియ్యనని దేవుడికి మాటిచ్చింది. ఇప్పుడు తెలిస్తే టికెట్టు క్యాన్సిల్ చేయించి, చెన్నైలో ఉద్యోగం మాన్పించి, నిన్ను ఇంటికి లాక్కొస్తుంది. పట్టించింది నేనే అవుతా. నాకు ఇడ్లీ కూడా దిగడం లేదు.

అందుకే చర్చిలో ప్రార్థన మనవుల పెట్టెలో చీటీ వేశా. ఎడమ చేత్తో రాశా. నీ పేరు, నా పేరు, దేశం పేరు, పందెం అన్న మాట, ఏవీ లేకుండా జాగ్రత్తపడ్డా. ఇదీ అందులో ఉన్నది:

"మాకు కావలసిన ఒకామె ఇరవయ్యో తేదీ శనివారం ఉదయం ఏడున్నరకి విదేశంలో సముద్రంలోకి దూకుతుంది. రెండు కిలోమీటర్లు ఈది, తొంభై కిలోమీటర్లు సైకిలు తొక్కి, ఇరవై ఒక్క కిలోమీటర్లు పరుగెత్తాలి. ఎనిమిదిన్నర గంటల్లో చేరకపోతే వ్యాన్ ఎక్కించి తీసుకుపోతారు. ప్రార్థన చేయండి."

భయంతో,
నీ కెజియా

తా.క. చివర్లో "ఎవరికీ చెప్పకండి" అని కూడా రాశా. పాస్టర్‌గారు దాన్ని మైకులో చదువుతారని తర్వాత గుర్తొచ్చింది.


చెన్నై, 6వ తేదీ

నా బంగారు కెజియాకి పిన్ని ముద్దులు.

నీ ఉత్తరం హాస్పిటల్ క్యాంటీన్లో చదివి సాంబారు మీద పోసుకున్నాను. ఒసే పిచ్చిపిల్లా, ఆ చీటీ ఇంకోసారి చదువు. పందెం అన్న మాట తీసేస్తే అది ఎట్లా కనపడుతుందో చూడు. దాన్ని పెట్టెలోంచి ఎట్లాగైనా వెనక్కి తీసుకో.

నా సంగతికి బెంగ పెట్టుకోవద్దు. రోజూ డ్యూటీ అయ్యాక ఈత, ఆదివారాలు సైకిలు. ముప్పై నాలుగేళ్ళొచ్చినా ఆ అల ఇంకా నా కలలోకి వస్తుంది. ఒక్కసారి దాని అవతలికి పోయి రావాలి. మా అమ్మకి మాత్రం తెలియనీకు.

మీ పిన్ని

తా.క. పెట్టె తాళంచెవి పాస్టర్‌గారు నడుముకి కట్టుకుని ఉంటారు. లాగబోకు.


ఊరు: అదే
తేదీ: అయిపోయాం పిన్నీ

ప్రియమైన పిన్నికి కంగారు వందనాలు.

నీ ఉత్తరం సోమవారం వచ్చింది. చీటీ ఆదివారమే చదివేశారు.

పాస్టర్ లాజరస్ గారు "వ్యాన్ ఎక్కించి తీసుకుపోతారు" దగ్గరికొచ్చేసరికి చదవడం ఆపి కళ్ళు తుడుచుకున్నారు. ఆడవాళ్ళ వైపు నుంచి అబిగయీలత్త లేచింది. "అయ్యో తండ్రీ! గల్ఫుకి పనికి పోయిన బిడ్డ సేటింట్లోంచి పారిపోతా ఉండాదయ్యా!" అంది. అంతే. చర్చి మొత్తం ఒకటే ఏడుపు.

మన ఊర్నుంచి గల్ఫ్‌లో పనికి పోయినవాళ్ళు ఎవరింట్లో లేరు చెప్పు? ఆరాధన కూడా అవకముందే అందరూ ఫోన్లు తీశారు. అబిగయీలత్త కువైట్‌లో ఉన్న వాళ్ళ చెల్లెలికి చేసింది.

"ఏమే, నీకు సైకిలు తొక్కను వచ్చా?"

"రాదక్కా."

"అయితే నువ్వు గాదులే. ఎందుకైనా మంచిది, నేర్చుకో."

ఇంటికో అరగంట లెక్కన పదిహేడు ఇళ్ళు గొలుసు ప్రార్థన చేయాలని తీర్మానించారు. ఏ దేశం టైమో తేలలేదు. సంఘ పెద్ద ఆదెయ్య తాత "సముద్రం, సేటు, వ్యాను. ఇంకేం దేశం? కువైటే" అన్నాడు. అక్కడ ఏడున్నరంటే మనకి పదంట. కాబట్టి పది నుంచి సాయంత్రం ఆరున్నర దాకా. సేటు అన్న మాట చీటీలో లేనే లేదు పిన్నీ! మలేషియా మనకన్నా రెండున్నర గంటలు ముందుంటుందని అరవాలనిపించింది. నోట్లో చున్నీ కుక్కుకున్నా.

ఒకాయన "ఆ బిడ్డని ఆపే దారేమన్నా ఉందేమో" అన్నాడు. అమ్మమ్మ లేచింది. "దిగినాక ఎనక్కి పిలిస్తే బిడ్డ బెదిరిపోతాది. ముందుకి పొమ్మనే అడగాల దేవుణ్ణి" అంది. ఎవరో తెలియని మనిషి కోసం ఎంత మంచిగా మాట్లాడిందో! నాకు ఏడుపొచ్చింది.

నీ
కె.

తా.క. అమ్మమ్మకి రెండు గంటల నుంచి రెండున్నర దాకా ఇచ్చారు. వంట సంగతి నన్ను చూసుకోమంది. నా వంటకి వేరే ప్రార్థన పెట్టాలి.


చెన్నై, 17వ తేదీ

చిట్టి కెజియాకి,

రేపే ప్రయాణం. సైకిలు విప్పి అట్టపెట్టెలో సర్దేసరికి నాకు చెమటలు పట్టాయి. విమానం కౌంటర్లో పెట్టెలో ఏముందని అడిగితే ఏం చెప్పాలో నాకు తెలుసు. అమ్మ అడిగితే ఏం చెప్పాలో తెలియదు.

మీ ఊరంతా అలలు అణగాలని మొదలుపెట్టే వేళకి నేను సైకిలు దిగుతుంటాను. మీరు సైకిలుకి ప్రార్థన చేసేటప్పటికి పరుగు అయిపోతుంది, దేవుడి దయ ఉంటే. ఆయన సర్దుకుంటాడులే.

ప్రేమతో,
పిన్ని

తా.క. ఆదెయ్య తాతని అంత నమ్మకంగా మాట్లాడొద్దని చెప్పు. ఆయన లెక్కన నేను ఎడారిలో దిగాలి.


చెన్నై, 23వ తేదీ

నా కెజియాకి పిన్ని కుంటుకుంటూ రాయునది.

చేరాను! ఎనిమిది గంటల పదిహేడు నిమిషాలు. పదమూడు నిమిషాలు మిగిలాయి.

ఈతలో మొదటి అల ముఖం మీద కొట్టగానే కాళ్ళూ చేతులూ కొయ్యబారిపోయాయే. కాపలా పడవ పట్టుకుని ఏడ్చేశాను. పడవలో పిల్ల "వెనక్కి తీసుకెళ్ళనా?" అంది. వెనక్కి చూస్తే ఒడ్డు దూరం, ముందుకి చూస్తే అంతకన్నా దూరం. అయినా వదిలేశాను. అలకి ఎదురు పోకుండా కిందనుంచి దూరిపోవాలని చిన్నప్పుడు చేపలవాళ్ళు చెప్పింది అప్పుడు పనికొచ్చింది.

పరుగులో పదిహేనో కిలోమీటరు దగ్గర గట్టు మీద కూలబడ్డాను. వెనకే వ్యాను! నిజంగానే వ్యాను! డ్రైవరు నవ్వుతూ తలుపు తీశాడు. లోపల ఏసీ చల్లగాలి. నాకు మన చర్చిలో ఏడుస్తున్న జనమంతా గుర్తొచ్చి ఒక్కసారిగా నవ్వొచ్చింది. నవ్వుతూనే లేచాను.

పతకం దిండు కింద ఉంది. దాన్ని అమ్మకి చూపించాలని ఎంత ఉందో! రెండు కిలోమీటర్ల సముద్రం ఈదినదాన్ని, ఫోను చేతిలోకి తీసుకోవడానికి భయపడుతున్నాను. ఎట్లా చెప్పమంటావు?

నీ పిన్ని

తా.క. అమ్మే ఫోన్ చేసింది. ట్రైనింగ్ బాగా జరిగిందన్నాను. "పిక్కలకి వేణ్ణీళ్ళ కాపడం పెట్టుకో" అని పెట్టేసింది. నర్సులు రోజంతా నిలబడతారని గామోసు.


ఊరు: నీకు తెలుసు
తేదీ: ఆదివారం

చేరిపోయిన పిన్నికి వందవేల వందనాలు!

నీ ఉత్తరం ఫరీన్ వాళ్ళ షాపులో బ్లౌజుల వెనక నిలబడి మూడుసార్లు చదివా. గట్టిగా అరిస్తే ఫరీన్ నా నోరు మూసింది.

ఇక్కడ వినోదం ఇంకా అయిపోలేదు. ఇవాళ పాస్టర్‌గారు "ఆ చీటీ రాసినవాళ్ళు ముందుకొచ్చి సాక్ష్యం చెప్పాలి" అన్నారు. నేను చెప్పు పడిపోయినట్టు బెంచీ కిందకి దూరా. ఎవరూ లేవలేదు. అప్పుడు అమ్మమ్మ లేచింది. "రాసినోళ్ళని రాపిడి పెట్టొద్దు పాస్టర్‌గారూ. బిడ్డ చేరింది. అంతే చాలు" అంది. అందరూ ఆమెన్ అన్నారు. కువైట్‌లో అబిగయీలత్త చెల్లెలు సైకిలు నేర్చేసుకుంది, ఫోటో పంపింది.

కానీ పిన్నీ, బిడ్డ చేరిందని అమ్మమ్మకి ఎవరు చెప్పారు?

ఇందాకట్నుంచి ఆలోచిస్తున్నా. శనివారం అమ్మమ్మ మోకాళ్ళ మీద కూర్చుంది తెల్లారుజామున ఐదింటికి. తన వంతు రెండింటికి గదా, ఇంత పొద్దున్నే ఎందుకంటే "నీకెందుకు, పడుకో" అంది. పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. ఒకటిన్నరకి లేచి, కళ్ళు తుడుచుకుని, నేను మాడ్చిన అన్నం రెండుసార్లు వడ్డించుకుంది. అప్పటికి గొలుసు ప్రార్థనలో వాళ్ళింకా సైకిలు దగ్గరే ఉన్నారు.

ఐదు నుంచి ఒకటిన్నర. ఎనిమిదిన్నర గంటలు. మలేషియాలో ఏడున్నరంటే మనకి

తలుపు కొడుతోంది. అమ్మమ్మే.

"పాపా, రాసేది అయిపోతే అడుగున నాకు నాలుగు లైన్లు ఖాళీ ఉంచు. నీ పిన్నికి నేనూ రాయాల."

పిన్నీ ఈ కాగితాలు ఎక్కడ దాచను, కెమిస్ట్రీ రికార్డు బయట బల్ల మీద ఉం