రౌటర్‌కు బొట్టు

ఆయుధ పూజ, రాత్రి.

కింద ఉండే ఇంటి ఓనరు యాదమ్మక్క ఇవాళ రౌటర్‌కు బొట్టు పెట్టి, బంతిపూలు చుట్టి, స్విచ్ ఆపేసింది. రెండు ఇళ్ల కంప్యూటర్లకూ అదొక్కటే దిక్కు. నాకు ఒళ్లు మండింది. సాయంత్రంలోగా ఆఫీసుకు ఫైలు పంపాలి.

"పూజ చేసిన పనిముట్టును ఇయ్యాల ముట్టద్దు చెల్లె. జర దాన్ని గూడ పండుకోనియ్యి," అంది.

మావారు, పాప ల్యాప్‌టాప్‌లు మూసి నా వెనకే డాబా ఎక్కారు. శంషాబాద్‌లో దిగే విమానాలు మా మాటల మీదుగా దీపాల్లా తేలుతూ పోయాయి. పాప ఒక్కో విమానానికీ ఒక ఊరు అంటగట్టి నవ్వింది. దాని నవ్వు విని ఎన్నాళ్లయిందో...

హాట్‌స్పాట్ పెట్టడానికి ఫోన్ నా చేతిలోనే ఉంది. ముగ్గురికీ తెలుసు. ఎవరూ అడగలేదు.

ఫైలు వెళ్లలేదు. రేపు మాట పడాలి. పొద్దున్నే అక్క స్విచ్ వేసేస్తుంది. ఆవిడ కాస్త ఆలస్యంగా లేస్తే బాగుండు.