కరుణ ఉన్న అంకె

ముదినేపల్లి,
12-6-61

చిరంజీవి సువర్ణకు మావయ్య దీవెనలు.

నువ్వు పంపిన కన్నాల కార్డు చేరింది. పామర్రులో బస్సు కండక్టరు టికెట్టుకి ఒక్క కన్నం కొట్టడానికే మూలుగుతాడు, మీ పంచ్ మిషన్ ఇన్ని కొట్టిందా! జనాభా లెక్కలో మనిషికో కార్డు చొప్పున కొడతారనీ, ఆ కన్నాలను ఇంకో యంత్రం చదువుతుందనీ, మరొకటి వాటిని అంకెలుగా అచ్చు వేస్తుందనీ రాశావు. దారి తప్పడం నాకు అలవాటే, అసలు సంగతికి వస్తాను.

మార్చి ఒకటిన సూర్యోదయానికి బతికున్నవాళ్లందరూ జనాభా లెక్కలో ఉంటారట. మీ వదిన సంతోషమ్మ బిడ్డ కరుణ ఆ మధ్యాహ్నమే జ్వరంతో పోయింది. మూడోనాడు జనాభా లెక్క రాసుకెళ్లిన మాస్టారు మళ్లీ వచ్చి, "మార్పులేమైనా ఉన్నాయా అమ్మా?" అన్నారు.

"పొద్దు పొడిచేటప్పటికి నా ఒళ్లో పాలు తాగుతోందండీ. కొట్టెయ్యకండి."

"కొట్టెయ్యనమ్మా," అని ఆయన కలానికి మూత పెట్టేశారు.

ఆ కాగితాలు ఇప్పుడు మీ ఆఫీసుకే వచ్చాయటగా. కరుణకి కార్డు పడిందా అని సంతోషమ్మ రోజూ అడుగుతోంది. అచ్చులో పేర్లు రావని చెప్పాను. పేరక్కర్లేదు, లెక్కలో ఉంటే చాలంది. మన ఊరి మొత్తం అంకె తెలిస్తే రాసి పంపు. వాళ్లింటి బైబిలు మొదటి పేజీలో కరుణ పుట్టిన తేదీ రాసి ఉంది. పోయిన తేదీకి వదిలిన చోట ఆ అంకె రాసుకుంటుందట.

నీ మావయ్య