సంతకం లేని నాలుగు కట్టలు

ఆస్పత్రి సూపరింటెండెంటుగారి సముఖమునకు,

అయ్యా,

విషయం: ఆపరేషన్ గది పనిముట్లు ఉడికించు కార్మికునికి కూడా మనస్సాక్షి మినహాయింపు ఫారం ఇప్పించుట గురించి, దానితోపాటు మరొక సంగతి గురించి.

సూచిక: (1) నోటీసు బోర్డులో అంటించిన మినహాయింపు ఉత్తర్వు. (2) హెడ్ సిస్టరుగారికి తమరు ఇచ్చిన మెమో.

తమ ఆస్పత్రిలో పంతొమ్మిదేళ్లుగా కాంట్రాక్టు మీద పనిచేయుచున్న నేను వినయపూర్వకంగా విన్నవించుకొనునది ఏమనగా:

1. నా పని ఆపరేషన్ గది పక్కనున్న ఆవిరి గదిలో. వాడిన పనిముట్లను కడిగి, ఆరబెట్టి, గుడ్డలో కట్టగట్టి, ఆటోక్లేవులో ఉడికిస్తాను. కట్ట మీద టేపు అంటిస్తాను. వేడి తగిలితే ఆ టేపు గీతలు నల్లబడతాయి. గీతలు నల్లబడినంత మాత్రాన లోపలిది పూర్తిగా ఉడికినట్టు కాదు. పూర్తి సమయం, పూర్తి ఒత్తిడి నిలబడి చూశానని చెప్పడానికి టేపు మీద తేదీ వేసి సంతకం పెట్టాలి. సంతకం లేని కట్టను సిస్టర్లు విప్పకూడదు. ఇది ఆస్పత్రి నిబంధన. ఈ అర్జీలో అయిదో అంశంగా రాయబోయే కట్టలు తప్ప, ఇన్నేళ్లలో నా సంతకం లేని కట్ట ఆ గది గడప దాటలేదు.

2. మంగళ, శుక్రవారాల్లో గర్భం తీసివేసే ఆపరేషన్లు జరుగుతాయి. చట్టం అనుమతించింది గనుక జరుగుతాయి. నేను క్రైస్తవుణ్ణి. కడుపులో పడినది దేవుడిచ్చిన ప్రాణమని, దాన్ని తీసే అధికారం మనుషుల చేతికి ఇవ్వలేదని నమ్మినవాణ్ణి. నా నమ్మకం అందరిచేతా నమ్మించాలని ఈ అర్జీ రాయడం లేదు. వచ్చిన స్త్రీల కారణాలు నాకు తెలియవు. అడిగే హక్కూ లేదు. వారిలో కొందరు బల్ల మీద కూర్చున్న తీరు చూస్తే అడగాలని కూడా అనిపించదు.

అయితే ఆపరేషన్ అయ్యాక మూత పెట్టిన బకెట్టును కిందికి తీసుకెళ్లవలసినది నేను. డాక్టరుగారు చేతులు కడుక్కుని వెళ్లిపోతారు. సిస్టరుగారు రిజిస్టరు రాస్తారు. బకెట్టు నాది. మెట్లు పద్నాలుగు. మూత తీసి ఎప్పుడూ చూడలేదు. చూడకపోయినా బరువు తెలుస్తుంది. ప్రతి మెట్టు మీదా దేవునికి ఒక్క మాట చెప్పుకుంటూ దిగుతాను. ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు, ఎవరూ అడగలేదు.

3. మొన్నటి నెలలో మొదటి సూచికలోని ఉత్తర్వు వచ్చింది. మత విశ్వాసం ఒప్పుకోని సిబ్బంది సదరు ఆపరేషన్ల నుంచి మినహాయింపు కోరవచ్చునని అందులో ఉంది. చదివి సంతోషించాను. మధ్యాహ్నం కార్యాలయానికి పోయి ఫారం అడిగాను. గుమస్తాగారు ఉత్తర్వు తీసి వేలు పెట్టి చూపించారు.

"డాక్టర్లు, సిస్టర్లు, మత్తు ఇచ్చేవాళ్లు. ఇంతే రాసుంది. నీ కేడరు లేదిందులో."

"మరి నా మనస్సాక్షి ఏ కేడరులోకి వస్తుందండీ?"

"నన్నడుగుతావేంటి? రాసినవాళ్లనడుగు. అయినా నువ్వేమన్నా కత్తి పడుతున్నావా? కడుగుతున్నావు, ఉడకేస్తున్నావు. ఇంట్లో గిన్నెలు తోమడం లాంటిదేగా."

పక్క బల్ల దగ్గరివారు నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వకపోతే బాగుండదని.

4. అదే ఫారాన్ని హెడ్ సిస్టరుగారు నింపి ఇస్తే తొమ్మిది రోజుల్లో మంజూరైంది. సదరు హెడ్ సిస్టరుగారు నాకు స్వయానా వదిన, మా అన్న భార్య. ఒకే ఇల్లు రెండు వాటాలు, మధ్య ఒక గోడ. ఒకే ప్రార్థన మందిరం. ఆమెది నాకన్నా గొప్ప విశ్వాసం అయితే కావచ్చు, కాదనను. కాని ఆమె ఫారం నింపిన రోజు కూడా బకెట్టు మోసింది నేనే.

మంజూరయ్యాక వచ్చిన ఆదివారం పాస్టరుగారు ఆమెను లేచి నిలబడమన్నారు. "చట్టం ముందు తలవంచకుండా, చట్టం ఇచ్చిన దారిలోనే దేవునికి లోబడిన మన చెల్లెలు" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఇంటికి వస్తూ నా భార్య అడిగింది.

"మీరెందుకు కొట్టలేదు?"

"చేతిలో పాటల పుస్తకం ఉంది."

"ఒళ్లో పెట్టుకోవచ్చుగా. మీకు మా అక్కంటే కడుపుమంట."

మా అక్క అంటే ఆమె తోడికోడలు.

అధికారులకు రాసే కాగితంలో ఇంటి సంగతులు ఉండకూడదని తెలుసు. కాని ఇవి రాయకపోతే తర్వాత జరిగినది తమకు అర్థం కాదు. మా అమ్మ చివరి నెలలో వదిన చేతితో ఇస్తే తప్ప మందు మింగలేదు. నేను గ్లాసు పట్టుకుని పక్కన నిలబడేవాణ్ణి. మా ఇంటికి ఎవరు వచ్చినా ముందు ఆ వాటా తలుపు కొడతారు. ఆస్పత్రిలోనూ అంతే. మినహాయింపు వచ్చాక మంగళ, శుక్రవారాల్లో ఆమె వార్డులో ఉంటుంది. ఆపరేషన్ కోసం వచ్చి ఎదురుచూసే స్త్రీలకు నీళ్లిస్తుంది, చలిగా ఉంటే దుప్పటి కప్పుతుంది. మా సంఘంలో ఒక పెద్దావిడ చూసి నిలదీసింది.

"మినహాయింపు తీసుకున్నదానివి, వాళ్లకు నీళ్లెందుకు ఇస్తున్నావే?"

"నేను ఆపరేషనుకి అడిగానండీ మినహాయింపు. నీళ్లకి అడగలేదు" అంది వదిన.

ట్రాలీ తోసుకుంటూ పోతూ విన్నాను. ఆ మాట నాకు తట్టనందుకు ఆ పూటంతా అన్నం సయించలేదు.

5. చప్పట్ల ఆదివారం తర్వాతి గురువారం. గర్భసంచి శుభ్రం చేసే సెట్లు మన ఆస్పత్రిలో నాలుగే ఉన్న సంగతి తమకు తెలుసు. మర్నాడు శుక్రవారం గనుక నాలుగూ కట్టి ఉడికించాను. గీతలు నల్లబడ్డాయి. సమయం, ఒత్తిడి అన్నీ సరిగ్గా ఉన్నాయి. సంతకం పెట్టలేదు.

మరిచిపోయి కాదు. శుక్రవారం ఉదయం డాక్టరుగారు నన్ను పిలిచి ఎందుకు పెట్టలేదని నలుగురి ముందు అడుగుతారు. అప్పుడు నేను నిలబడి నా విశ్వాసం సంగతి చెప్పాలి. ఇదీ నా ఆలోచన. చెప్పబోయే మాటలు రెండుసార్లు లోపల అనుకుని చూసుకున్నాను కూడా.

శుక్రవారం దాకా ఆగలేదు. గురువారం మధ్యాహ్నం రెండున్నరకు ఒకామెను తీసుకొచ్చారు. నాలుగో నెల. అంతకుముందు రెండు కాన్పులూ నిలవలేదట. ఈ బిడ్డ కూడా రెండు రోజుల కిందటే లోపల పోయింది. రక్తం ఆగడం లేదు. ఇందులో మినహాయింపు ప్రసక్తి లేదు, తీయకపోతే తల్లి పోతుంది. డ్యూటీలో ఉన్నది వదిన. బీరువా తెరిచి, కట్ట తీసి, టేపు చూసి, రెండోది తీసి, మూడోది, నాలుగోది తీసి, నా గదికి వచ్చింది.

"ఏమయ్యా, ఇవి ఉడికాయా లేదా?"

"సంతకం చూసుకోండి వదినా."

"లేదు కాబట్టే నిన్నడుగుతున్నా. మళ్లీ ఉడకేసేంత టైము లేదు. మనిషి పోతోంది లోపల. ఒక్క మాట చెప్పు."

అయ్యా, నేను వెంటనే చెప్పలేదు. గోడ గడియారంలో సెకన్ల ముల్లు ఆరు దగ్గర ఉంది. అది పన్నెండు దాకా పోయింది. ఆ అరనిమిషంలో నాకు తోచినది ఇది: ఈమె నా గుమ్మంలో నిలబడి, నా దగ్గర మాత్రమే ఉన్నదాని కోసం అడుగుతోంది. ఈ ఇంటికి కోడలిగా వచ్చిన ఇరవై రెండేళ్లలో ఇదే మొదటిసారి. ఇంకొంచెం సేపు అడగనీ అనుకున్నాను.

తర్వాత "ఉడికాయి" అన్నాను. ఆమె నా ముఖం చూసింది. కట్ట తీసుకుని పరుగెత్తింది. ఆ తల్లి బతికింది.

ఒక్క ప్రాణం కోసం రెండో అంశంలో అంత రాసినవాణ్ణి, అయిదో అంశంలో ఒక ప్రాణాన్ని అరనిమిషం ఆపి ఉంచాను. ఇది నేను రాయకపోతే ఇంకెవరికీ తెలియదు. అందుకే రాశాను.

6. మిగిలిన మూడు కట్టల మీద ఆ సాయంత్రమే సంతకం పెట్టాను. మర్నాడు తనిఖీలో, విప్పిన కట్ట తాలూకు సంతకం లేని టేపు బయటపడింది. రిజిస్టరులో వదిన "అత్యవసరమై నేనే విప్పితిని" అని ఒక్క ముక్క రాసి ఊరుకుంది. దాని మీద తమరు మెమో ఇచ్చారు. మినహాయింపు పొందిన పిదప సదరు సిస్టరు విధుల పట్ల అశ్రద్ధ వహించుచున్నట్లు కనబడుచున్నందున, ఆ మినహాయింపును ఏల రద్దు చేయరాదో సోమవారం లోగా సంజాయిషీ ఇవ్వవలెనని అందులో ఉంది. మెమో సంగతి ఆస్పత్రి అంతా పాకింది. "భక్తి ఎక్కువైతే పని తక్కువవుతుంది" అని గుమస్తాగారు నాతోనే అన్నారు.

సాయంత్రం పెరట్లో వదిన యూనిఫారం ఆరేస్తోంది. గోడకు ఇవతల నుంచి అడిగాను.

"ఉడికాయని నేను చెప్తేనే విప్పానని ఎందుకు రాయలేదు?"

ఆమె నోట్లో క్లిప్పు ఉంది. తీసి తీగకు పెట్టింది.

"రాస్తే నిన్ను రేపే పంపించేస్తారు. నాదంటే పర్మినెంటు. మహా అయితే మినహాయింపు తీసేస్తారు."

"తీసేస్తే మంగళవారం లోపలికి వెళతారా?"

"వెళ్లను."

"వెళ్లకపోతే ఉద్యోగమే పోతుంది."

"అది అప్పుడు చూసుకుందాంలే. మీ ఆవిడనడిగి రెండు క్లిప్పులివ్వు, నావి చాలలేదు."

తిడితే బాగుండేది. క్షమించానంటే అంతకన్నా బాగుండేది, కనీసం ఆ మాట పట్టుకుని పోట్లాడేవాణ్ణి. రెండూ లేవు. క్లిప్పులు అడిగింది. ఇచ్చాను.

శనివారం ఆ రోగి భర్త వార్డులో వదిన రెండు చేతులూ పట్టుకుని ఏడ్చాడు. ఆయన పక్క నుంచే ట్రాలీ తోసుకుంటూ వెళ్లాను. ఆయనకు నేనెవరో తెలియదు. తెలియనందుకు ఆ రోజే మొదటిసారి దేవునికి స్తోత్రం చెప్పుకున్నాను.

7. కావున తమరిని వేడుకొనునది:

మొదటిది, రెండో సూచికలోని మెమోను రద్దుపరచి, అదే మెమోను నా పేరున ఇప్పించగలరు. సంతకం పెట్టనివాణ్ణి నేను, ఆలస్యంగా జవాబు చెప్పినవాణ్ణి నేను. ఆమె తప్పు ఏదైనా ఉంటే నా మాట నమ్మడమే. పంతొమ్మిదేళ్లుగా నమ్మదగిన మాటే గనుక నమ్మింది. నా సంజాయిషీ పైన రాసినదే, వేరే లేదు.

రెండోది, ఆమె మినహాయింపును ముట్టుకోవద్దు. అశ్రద్ధ ఆమెది కాదు, ఆమె విశ్వాసానిది అంతకన్నా కాదు. ఒకరి ఓర్వలేనితనానికి ఇంకొకరి స్వేచ్ఛ పోకూడదు.

మూడోది, ఫారంలో మా కేడరు కూడా చేర్పించగలరు. పనిముట్లు ఉడికించేవారు, గది ఊడ్చేవారు, బట్టలు ఉతికేవారు. కత్తి పట్టిన చేతికి ఉన్న మనస్సాక్షి బకెట్టు పట్టిన చేతికి ఉండదని చట్టం చేసినవారు అనుకుని ఉండరు, మా సంగతి వారికి గుర్తొచ్చి ఉండదు. సంతకం విషయంలో నేను మినహాయింపు అడగను. అదే సెట్టు శుక్రవారం ఒక పనికి వెళుతుంది, గురువారం ఇంకొక పనికి వెళుతుంది. ఏది ఎవరికో ఉడికించేటప్పుడు తెలియదని ఆ గురువారం తెలిసింది. బకెట్టు మాత్రం అడుగుతున్నాను. మంగళ, శుక్రవారాల్లో ఆ పద్నాలుగు మెట్లు. నా బదులు అభ్యంతరం లేనివారిని పెడితే, వచ్చిన స్త్రీలకు ఏ ఇబ్బందీ ఉండదు. మొదటి కోరిక మన్నించి తమరు నన్ను పనిలోంచి తీసేసినా, ఈ మూడోది నా తర్వాత వచ్చేవాడి కోసం మన్నించగలరు.

సోమవారం గడువు దాటకముందే ఇది తమ బల్ల మీదికి రావాలని స్వయంగా తెచ్చి ఇస్తున్నాను. తప్పొప్పులతో సహా చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయుడు,
ఆవిరి గది కార్మికుడు
(సంతకం పెట్టితిని)

తా.క.: ఈ అర్జీ సంగతి వదినకు తెలియదు. సోమవారం ఆమెను పిలిచినప్పుడు దయచేసి ముందుగా చూపించవద్దు. చూపిస్తే చింపేసి, తప్పు తనదేనని మళ్లీ రాసిస్తుంది. ఆమె సంగతి నాకు తెలుసు. ఆ మంచిపేరు కూడా ఆమెకే దక్కుతుంది. అమ్మ దగ్గర దక్కింది, మందిరంలో దక్కింది, వార్డులో దక్కింది. ఈ ఒక్క మెమో దగ్గరైనా నన్ను ముందు లేచి నిలబడనివ్వండి.