ఎండు జాడీలో అయిదు రోజులు

మార్చి 4
కందిరీగ కబురు పెట్టాడు. జువాలజీ హెడ్‌కి స్టూడెంట్లు పెట్టిన పేరది. కుడతాడు, తేనె మాత్రం ఇవ్వడు. అతని ల్యాబులో పనిచేసిన నా భార్య పోయి నెల కాలేదు, ఆమె పరిశోధన పేపరు పంపే గడువు ముంచుకొచ్చిందట. ఆమె చివరి అయిదు రోజుల రీడింగులు తప్పట. పనే తప్పయితే పేపరు మీద ఆవిడ పేరు మాత్రం ఎందుకు మేస్టారూ, అన్నాడు. నాలుగేళ్ల పని ఆమెది. ఈయన పురుగుల జాడీ మూత తీసి ఎరగడు.

మార్చి 5
ఆమె నోటుబుక్కు చూశాను. పెంకుపురుగులు. వేడి పెరిగేకొద్దీ, గాలిలో తేమ తగ్గేకొద్దీ వాటి ఒంట్లో నీరు ఇగిరిపోతుంది, బరువు తగ్గుతుంది. రోజూ తూచాలి. ముప్పై అయిదు డిగ్రీల ఎండు జాడీలో ఉన్నవి ఆ అయిదు రోజులూ బరువు పెరిగాయి. తిండీ నీళ్లూ లేకుండా.
ఆమె పొరపాటు పడదు. త్రాసుదే తప్పయి ఉండాలి.

మార్చి 7, మధ్యాహ్నం
త్రాసు భేషుగ్గా ఉంది.

మార్చి 12
కొత్త పురుగులతో అయిదు రోజులు నేనే తూచాను. రోజూ తగ్గాయి. కందిరీగ గుమ్మంలో నిలబడి, ఫిజిక్సు వాళ్లకి మా పురుగులు లొంగాయా అని అడిగాడు. తన జోకుకి తనే నవ్వాడు. ఇంకెవరు నవ్వుతారు?

మార్చి 13
ల్యాబు అటెండర్ని నిలదీశాను. నసిగాడు. అమ్మగారు ఒట్టు వేయించుకున్నారు సార్, అన్నాడు. ఆ చివరి అయిదు రోజులూ ఎండు జాడీ మూత తీసి తడి దూది పెట్టిందట. నోరెండటం అంటే ఏంటో నాకిప్పుడు తెలుసు కదయ్యా, వీటిని ఎండబెట్టి చూస్తూ కూర్చోలేను, అందట.
బరువులు మాత్రం ఉన్నవి ఉన్నట్టే రాసింది. దొంగ అంకెలు రాయడం ఆమెకి చేతకాదు.
కిడ్నీలు పాడయ్యాక రోజుకి అర లీటరు నీళ్లు దాటకూడదన్నాడు డాక్టరు. కొలిచి పోసింది నేను. ఒక్క గుక్క ఎక్కువ అడిగితే కొలత చూపించాను. ఎంత నికార్సయిన ఫిజిక్సు మేస్టార్ని! కందిరీగని తిట్టుకునే మొహం నాకు లేదు. అయినా తిట్టుకుంటున్నాను.

మార్చి 14
నిజం చెబితే ఆమె పేరు పోతుంది.

మార్చి 15, పదిన్నర
ఆమెకి ఓపిక లేక ఆ అయిదు రోజులూ తూచింది నేను, నేను చెప్పిన అంకెలే ఆమె రాసుకుంది, అని కందిరీగకి చెప్పాను. ఆ రోజులు కొట్టేయమన్నాను. స్టాఫ్‌రూమంతా వినేలా, ఇరవై ఏళ్లుగా పిల్లలకి కొలతలు నేర్పుతున్నది తమరేగా, అన్నాడు. ఈసారి అందరూ నవ్వారు. నిలబడి విన్నాను.
పేరు ఉంచుతాడట.

మార్చి 16
పనయిపోయిన పురుగుల్ని పారేస్తారట. ఇంటికి తెచ్చాను. సింకులో తిరుగుతున్నాయి. కొళాయి సన్నగా వదిలి ఉంచాను.