సున్నపు గీతల వంటిల్లు

నాగులగుట్టపల్లె,
శింగనమల దగ్గర,
12 ఆగస్టు 2006.

చిరంజీవి సౌభాగ్యవతి మల్లీశ్వరికి,

నీ కదిరప్ప రాసేది. ఇక్కడ అమ్మ, పాప, నేను, ఈనిన మేక, దాని రెండు పిల్లలు, అందరం బాగున్నాం. కువైట్‌లో నువ్వూ బాగున్నావని నీ ఉత్తరంలో మాటలు చెప్పాయి గానీ, అక్షరాలు మాత్రం అలసిపోయినట్టు కనిపించాయి. నువ్వు పనిచేసే ఇంటివాళ్ళకు వంట ముగించి, ఆ వంటగట్టు మీదే కాగితం పెట్టి నిలబడి రాశావేమో అనుకున్నాను.

నువ్వు మూడు సంగతులు అడిగావు. పాప తొమ్మిదో తరగతిలో చేరింది. లెక్కల్లో నీ పోలిక, పొద్దున లేవడంలో నా పోలిక. రెండోది, మన వంటింటి కిటికీ ఎటు వైపు అని. మూడోది, రెండు నెలలుగా ఉత్తరం ఎందుకు రాయలేదని. ఆ మూడోదానికి జవాబు ఉంది. కానీ అక్కడిదాకా రావడానికి నాకు కొంచెం దూరం పడుతుంది, ఓపిక పట్టు.

పంచాయతీ తీర్మానం ప్రకారం గుట్ట కింద అరవై రెండు ఇండ్లకు కొలతలు వేసి ముగ్గు పోశారు. చీటీ అమ్మ చేతనే తీయించాను. ఇరవై మూడో నంబరు వచ్చింది. పట్టా నీ పేరున ఇచ్చారు. ‘మల్లీశ్వరి, భర్త కదిరప్ప’ అని అచ్చులో ఉంది. నా పేరు వెనక్కి పోవడం అమ్మకు నచ్చలేదు, నాకు మాత్రం భలే నచ్చింది.

ముగ్గు పోసిన రోజు నుంచి ఊరంతా ఒకే కలలో తిరుగుతున్నట్టు ఉంది. గోడ లేదు, తలుపు లేదు, ఎర్రమట్టి మీద తెల్లటి సున్నపు గీతలు మాత్రమే. అయినా ఎండ తగ్గగానే ఎవరి గీతల్లోకి వాళ్ళు పోయి కూర్చుంటారు. గీత దాటి ఎవరూ నడవరు. వాకిలి కోసం వదిలిన సందులోంచే వస్తారు, చెప్పులు బయటే విడుస్తారు. మన పక్క నంబరు తిరుపాలమ్మది. ఆమె మేక ఒకరోజు నేరుగా మన పడకగదిలోకి వచ్చేసింది. “గోడ కనపడ్లేదా నీకు, గుడ్డిదానా” అని తిరుపాలమ్మ కట్టె తీసుకుని దాని వెంటపడింది. ఎవరూ నవ్వలేదు. మేకదే తప్పని అందరికీ అనిపించింది.

అమ్మ కూడా వచ్చి గీతల మధ్య నిలబడి, “ఏమప్పా, నా మంచం యాడ ఏస్తావు?” అంది. చూపించాను. అక్కడే కొంగు పరుచుకుని పడుకుని, కళ్ళు మూసుకుని, “గాలి బాగా వస్తాండాది” అంది. నాలుగు పక్కలా గోడలే లేవు, గాలి రాక ఎక్కడికి పోతుంది. కానీ ఆ మాట నేను అనలేదు, ఆమె నిద్రపోతోంది.

నేను మాత్రం నీ వంటింట్లో కూర్చునేవాణ్ణి. కిటికీ తూర్పుకు. పొయ్యి ముందు నిలబడితే గుట్ట మీది బండలు కనిపిస్తాయి. మబ్బు పట్టిన రోజు అవి నీలంగా మారతాయి. విమానం ఎక్కే రోజు నువ్వు నన్ను అడిగింది ఒక్కటే. వంటిల్లు వేరుగా ఉండాలి, వంగకుండా నిలబడి వండుకోవాలి అన్నావు. పదిహేనేళ్ళు కొట్టం ముందు మూడు రాళ్ళ పొయ్యి మీద వండి, వాన పడితే ఆ పొగంతా లోపలికి తెచ్చుకుని దగ్గిన మనిషివి. అందుకే ఆ గీతల్లో కూర్చుంటే నాకు నువ్వు పోపు వేస్తున్న చప్పుడు వినిపించేది. నీతో మాట్లాడేవాణ్ణి. తిరుపాలమ్మ ఒకసారి, “ఎవరితో మాట్లాడతాండావు, అన్నా?” అని అడిగింది. “మీ వదినతోనే. ఉప్పు ఎక్కువైందంటాండా” అన్నాను.

ఇక నీళ్ళ సంగతి. ఇండ్లైతే మంజూరయ్యాయి గానీ, ఆ నేల మీద చుక్క నీరు లేదు. గోడ కడితే తడపాలి కదా. నీళ్ళు చూపించనిదే సిమెంటు ఇవ్వమని ఇంజనీరు చెప్పాడు. బోరు ఎక్కడ వేయాలో చూడమని పంచాయతీ నన్నే పిలిచింది. నా అరచేతిలో టెంకాయ లేచి నిలబడిన చోట ఈ ఇరవై ఏళ్ళలో నీళ్ళు పడకపోవడం రెండుసార్లే జరిగింది. నేను రోడ్డు మలుపు దగ్గర చూపించాను. నాలుగు వందల అడుగులు పోయినా తెల్లటి దుమ్మే వచ్చింది. ఆ దుమ్ము గాలికి లేచి అరవై రెండు ఇండ్ల మీద పడి, గీతలన్నీ కనపడకుండా పోయాయి. ఊరు ఊరంతా నిలబడి చూసింది.

ఇంకొక్క బోరుకే అనుమతి ఉంది. వచ్చే నెలాఖరు లోపల నీళ్ళు చూపించకపోతే కాలనీని హైవే అవతల క్వారీ పక్కకు మారుస్తారట. నాలుగు కిలోమీటర్లు. బడికి పోయే పిల్లలు, మా అమ్మలాంటి ముసలివాళ్ళు ఆ లారీల మధ్య దాటాలి.

మల్లీ, ఇప్పుడు మూడో ప్రశ్నకు జవాబు చెబుతాను. టెంకాయ రోడ్డు మలుపులో లేవలేదు. అక్కడ అది అరచేతిలో పసిబిడ్డలా పడుకునే ఉంది. అది లేచింది ఇరవై మూడో నంబరులో, నీ వంటింట్లో, పొయ్యి వేయాల్సిన మూలలో. చుట్టూ నాలుగు స్థలాలూ తిరిగాను. ఎక్కడా లేవలేదు. మళ్ళీ నీ పొయ్యి దగ్గరికి వస్తే మళ్ళీ లేచి నిలబడింది. అది తెల్లవారుజాము, నేను ఒక్కణ్ణే ఉన్నాను. బోరు, దాని మీద ట్యాంకు, చుట్టూ కొళాయిలు అంటే మనకున్న సెంటున్నరా దానికే చాలదు. నీకు ఇల్లు ఉండదు. టెంకాయను సంచిలో వేసుకుని, పొద్దెక్కాక అందరి ముందూ మలుపు దగ్గర చేతిని నేనే వంచి నిలబెట్టాను. అబద్ధం చెప్పాను. ఆ తర్వాత నీకు ఉత్తరం రాయడానికి చెయ్యి రాలేదు.

మొన్న గ్రామసభలో కాలనీ మార్పు మాట వచ్చింది. ఎవరో వెనకనుంచి, “కదిరప్ప చేతిలో మహిమ పోయినట్టుండాది” అన్నారు. తిరుపాలమ్మ లేచింది. “ఆయన చెయ్యి అబద్ధమాడదు. మన భూమే మనల్ని మోసం చేసినాది” అంది. తిట్టి ఉంటే ఊరుకునేవాణ్ణి, మల్లీ. ఆ మాట మోయలేక లేచి నిలబడి జరిగిందంతా చెప్పేశాను.

నన్ను కొడతారనే అనుకున్నాను. చివరికి తిరుపాలమ్మే, “మా వదినకు తెల్సా?” అని అడిగింది. తెలియదన్నాను. సర్పంచ్ వనజాక్షమ్మ సెక్రటరీ వైపు తిరిగి, “పట్టా మల్లీశ్వరిది. ఆమె సంతకం రాకుండా ఆడికి బోరు బండి రాకూడదు. అట్లే రాయప్పా తీర్మానంలో” అంది. బదులు స్థలం ఇప్పుడు లేదని, తర్వాతి జాబితాలో చూస్తామని కూడా చెప్పింది. ఆ తర్వాతి జాబితా ఎప్పుడో ఆమెకూ తెలియదు.

నీ సంతకం కోసం వాళ్ళిచ్చిన కాగితం ఇందులో పెట్టాను. నీ తరఫున నేను ఏ మాటా ఇవ్వలేదు. ఒకసారి నీకు చెప్పకుండా చేసింది చాలు. సంతకం పెడితే నీళ్ళు పడి తీరతాయని ప్రమాణం చేయలేను, నాకు తెలిసింది టెంకాయ లేచిందనే. పెట్టకపోతే చింపెయ్యి. కాలనీ క్వారీ పక్కకు పోయినా సరే, అక్కడ నీ వంటింట్లో పొయ్యి గట్టు కట్టిస్తాను, నీ నడుము ఎత్తుకు. ఎవరేమన్నా నేనే పడతాను. కోపం వస్తే తిట్టు. అది కూడా రాసి పంపు, చదువుకుంటాను.

నీ వంటింట్లోనే కూర్చుని రాస్తున్నాను. గీతలు చెరిగిపోయినా, వాకిలి ఎక్కడో కాళ్ళకు తెలుసు. గుట్ట మీద మబ్బు పట్టింది, బండలు నీలంగా ఉన్నాయి. నువ్వు ఇవి చూడాలని నాకు చాలా ఆశగా ఉంది.

ఇట్లు,
నీకు చెప్పకుండా తప్పు చేసిన
నీ భర్త,
కదిరప్ప

తా.క. ఉత్తరం అంటించబోతుంటే తిరుపాలమ్మ వచ్చి ఇదొక్కటి రాయమంది. “మా వదిన ఊ అన్నా, ఊహూ అన్నా ఆమె ఇష్టం. బోరే పడితే దానికి మల్లీశ్వరి వంటిల్లు అనే పేరు పెడతాం. బిందె పట్టుకొచ్చే ఆడోళ్ళంతా వాకిట్లో చెప్పులిడిచే లోపలికొస్తాం.” ఆమె ఆ మాట చెప్పేటప్పుడు వాకిలి బయటే నిలబడి ఉంది. నేను రమ్మన్నాకే లోపలికి వచ్చింది.