నా చేనుకు నీళ్లు పెట్టు తాతా

వనపర్తి హాస్టల్, జులై

తాతకు, యమున దండాలు పెట్టి రాసేది.

నేనేం బాగాలేను. తొమ్మిదో తరగతికి వచ్చినా ఇక్కడ ఫోను ముట్టనివ్వరు. నిద్రలో నా బొటనవేలు దానంతటదే కదులుతోందని పక్క మంచం పూజ చెప్పింది. నిన్న పళ్లెంలో పప్పును కూడా వేలితో పైకి తోశాను.

నాన్న నా ఫోను నీ దగ్గర దాచాడట. అందులో, ఆటలో, నాకొక చేనుంది. రెండేళ్లు కష్టపడి పెంచాను. ఆకుపచ్చ బొమ్మ నొక్కితే తెరుచుకుంటుంది. రోజూ నీళ్లు పెట్టు. అది ఎండిందని తెలిసిన రోజే గోడ దూకి వచ్చేస్తాను, మళ్లీ బడి మొహం చూడను.

నీ మనవరాలు,
యమున

తా.క. నాన్నకు చెప్పకు. చెప్తే నీ బీడీల సంగతి నాయనమ్మకు చెప్తాను.

---

రాజోలి, ఆగస్టు

బిడ్డ యమునకు తాత దశరథం దీవెనలు.

నీ ఉత్తరం సదివి నాయనమ్మ ఏడ్చింది, నేను నవ్విన. నీ నోట 'నా చేను' అన్న మాటకు పాణం సల్లబడ్డది. గోడ దూకకు, చేను నేను చూస్త. బొమ్మ నొక్కుడు నాకు సమజ్ కాలే. చేనును తెరుసుడేంది, అది ఎప్పుడూ తెరిసే ఉంటది.

జొన్న ఏసిన. రోజూ నీళ్లు పెడితే కుళ్లుతది, నీకు గట్ల ఎవరు చెప్పిండ్రు? పొద్దుగాల తుంగభద్ర దిక్కు నుంచి మంచు వస్తది. చేను కనబడదు, ఎడ్ల గంటలే ఇనబడుతయి. జరసేపటికి ఒక్కో సాలు నిద్ర లేసినట్టు బయటికొస్తది. ఎడ్లు కలుపు తీసే గుంటుక లాగుతుంటే కొంగలు ఎనక నడుస్తయి. మన చుట్టాల లెక్కనే, పని చెయ్యయి, తింటయి.

ఇట్లు,
నీ తాత

తా.క. బీడీలు కొనిచ్చేదే మీ నాయనమ్మ.

---

వనపర్తి, ఆగస్టు

తాతకు దండాలు.

నీ ఉత్తరంతో హాస్టలంతా గోల. ఆ ఆటలో మంచు లేదు, కొంగలు అసలే లేవు. కొత్త అప్‌డేట్ వచ్చినట్టుంది! పూజ నమ్మలేదు గానీ ఉత్తరం దిండు కింద పెట్టుకుంది. కళ్లు మూస్తే నాకు ఆ మంచే కనిపిస్తోంది, గంటలు వింటూ నిద్రపోతున్నాను. వేలు కదలడం మానింది.

నక్షత్రాలు ఎన్ని వచ్చాయి?

యమున

తా.క. ఛార్జింగ్ పెట్టానని ఎన్నడూ రాయవేం? ఆ ఫోను పూట కూడా ఆగదు. నిజం చెప్పు, అదెక్కడుంది?

---

రాజోలి, సెప్టెంబరు

బిడ్డకు దీవెనలు.

నక్షత్రాలు అన్నీ వచ్చినయి, మబ్బు లేదు. అప్‌డేట్ అనేటోడు మా దిక్కు రాలే.

నేను చెప్పేది మన జొన్న చెలక ముచ్చటనే. నువ్వు గట్టు మీద కూసొని ఎన్నడూ తల ఎత్తి చూడని చెలక. నీ ఫోనంటవా, నా దగ్గరికొచ్చిన దినమే ఛార్జింగ్ లేక కండ్లు మూసింది. కంకిల పాలు పడంగనే రామచిలుకలు గుంపులు గుంపులు దిగినయి. రాళ్లు పెట్టి వడిసెల తిప్పి తిప్పి భుజం పోయింది. అప్పుడు ఫోను యాదికొచ్చింది. చేను నడుమ కట్టెకు దారంతోటి కట్టిన. గాలికి తిరుగుతది, ఎండకు మెరుస్తది, ఒక్క చిలుక వస్తలేదు. రెండేండ్లు నువ్వు దానికి కావలి ఉన్నవు, ఇప్పుడు నీ చేనుకు అది కావలి ఉన్నది.

కోపమొస్తే రా, దించి ఇస్త. దర్వాజల నుంచి రా, గోడ మీదికెల్లి వద్దు.

నీ తాత

తా.క. వానొస్తే ఫోనుకు కవరు తొడుగుతున్న. మంచి పనిమంతుడు.

---

వనపర్తి, సెప్టెంబరు

తాతకు దండాలు.

చదివి ఏడ్చాను. సంచి సర్దుకుని గోడ దాకా పోయాను. నేనొస్తే నువ్వు ఫోను దించుతావు. దించితే చిలుకలు దిగుతాయి. చాలాసేపు అక్కడే నిలబడి వెనక్కి వచ్చేశాను.

కోత అయ్యేదాకా దాన్ని ముట్టకు. చేను పాడైతే ఊరుకోను.

దసరా సెలవులకు వస్తున్నాను, గేటులోంచే. నాతో మా గదిలో వాళ్లంతా వస్తారు. అది అప్‌డేట్ కాదని వాళ్లకు నేనింకా చెప్పలేదు.

నీ యమున

తా.క. అప్పటిదాకా కొంగలను ఎక్కడికీ పోనివ్వకు. చూస్తే తప్ప పూజ నమ్మదు.